ఆ వీడియోలో తిరిగే చక్రం మాదే, దాన్ని చూసి అయస్కాంత మోటారు కిట్టు కొనకండి

నీలం రంగు రిమ్ము ఉన్న పాత సైకిలు చక్రం గిర్రున తిరుగుతూ, పక్కనున్న మల్టీమీటరులో (వోల్టులు కొలిచే మీటరు) 13.4 అంకె కనిపిస్తూ, వెనకనుంచి ఒక కుర్రాడి గొంతు "నాన్నా, పదమూడు దాటింది" అని వినిపించే వీడియో ఈ వారంలో మీలో కొందరికి వచ్చే ఉంటుంది. ఆ చక్రం మాది, ఆ గొంతు మా అబ్బాయిది. అయస్కాంతాలతో తిరిగే చక్రం ఉచితంగా కరెంటు ఇస్తుందని చెప్పి కిట్లు అమ్మే ఒక మనిషి మమ్మల్ని ఒక్క మాట అడగకుండా, దానికి "మా కస్టమరు ఇంట్లో ఉచిత కరెంటు" అని పేరు పెట్టి అందరికీ పంపుతున్నాడు. ఆ వీడియోలో కనిపించే రెండు బ్యాటరీలలో ఒకటి ఇప్పుడు ఛార్జి తీసుకోవడమే మానేసి మా వసారాలో పడి ఉంది. నిన్న రాత్రి అతనితో ఫోనులో మాట్లాడిన తరువాత నాకు నిద్ర పట్టలేదు, అందుకే తెల్లవారకముందే ఇది రాయడం మొదలుపెట్టాను.

ఎవరి కిట్టో పేరు రాయనక్కరలేదు, ఇలాంటి వీడియోలు చూసేవారికి అతని గొంతు వినగానే తెలిసిపోతుంది. మాకు నూజివీడు దగ్గర కొద్దిపాటి మామిడి తోట ఉంది. కాపు కాలంలో రాత్రుళ్లు కాపలా ఉండేటప్పుడు కొట్టంలో ఒక బల్బు వెలిగి, సెల్‌ఫోను ఛార్జి అయితే చాలుననుకుని కిట్టుకు 6,850 రూపాయలు ముందుగానే యూపీఐలో పంపాను, 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలు రెండు విడిగా కొన్నాను. పనిచేయకపోతే 15 రోజుల్లో డబ్బు వాపసు ఇస్తానని అతను వాట్సాప్‌లో రాతపూర్వకంగా చెప్పాడు.

కిట్టులో వచ్చినవి ఎనిమిది ఫెర్రైటు అయస్కాంతాలు, రెండు గేజుల రాగి తీగ, ఖాళీ రీలు, దాని మధ్యలో కూర్చడానికి వెల్డింగు రాడ్ల ముక్కలు, కరెంటును వదులుతూ ఆపుతూ ఉండే ఒక 2ఎన్3055 ట్రాన్సిస్టరు, కరెంటును ఒకవైపే పోనిచ్చే రెండు డయోడ్లు, ఒక రెసిస్టరు, ఒక చిన్న నియాన్ బల్బు. అమెరికాకు చెందిన జాన్ బెడినీ పేరుతో ప్రచారంలో ఉన్న సర్క్యూటు ఇదే. పాలిటెక్నిక్ చదువుతున్న మా అబ్బాయి నాలుగు సాయంత్రాలు కూర్చుని రెండు తీగలనూ కలిపి రీలుకు చుట్టాడు (దీన్నే కాయిలు అంటారు), అయస్కాంతాల ఉత్తర ధ్రువాలన్నీ బయటికి ఉండేలా చక్రానికి అంటించాడు. చేత్తో ఒకసారి తిప్పి వదిలితే చక్రం దానంతట అదే వేగం పుంజుకుంది. ఇందులో మొదటి బ్యాటరీ చక్రాన్ని నడుపుతుంది, రెండోది ఛార్జి అవుతుంది. ఆ రెండో బ్యాటరీ 12.1 వోల్టుల దగ్గర మొదలై సాయంత్రానికి 13.4కు ఎక్కింది. ఆ ఆనందంలో మావాడు తీసిన వీడియోను, కిట్టు పంపినందుకు కృతజ్ఞతగా, నేనే అతనికి పంపాను. నా చేత్తో నేను పంపిన ఆ వీడియో ఇప్పుడు ఇంకొకరి డబ్బు పోవడానికి కారణమవుతోందన్న బాధ నన్ను వదలడం లేదు.

మోటారు ఆపి, తీగలు విప్పి, గంటన్నర తరువాత మళ్లీ చూస్తే 13.4 కాస్తా 12.3 అయింది. అప్పటికీ నాకు అనుమానం రాలేదు, మీటరులో లోపం ఉందేమో అనుకున్నాను. నూజివీడులో బ్యాటరీల దుకాణం నడిపే పెద్దాయన దగ్గరకు వెళితే, "వోల్టులు చూసి బ్యాటరీ నిండిందనుకోకు బాబూ, బల్బు పెట్టి ఎన్ని గంటలు వెలుగుతుందో చూడు" అన్నారు. ఆయన చెప్పినట్టే చేశాం. మామూలు ఛార్జరుతో నింపిన బ్యాటరీకి బండి ఇండికేటరులో వాడే 5 వాట్ల బల్బు పెడితే 14 గంటల దాకా వెలిగింది. తరువాత దాన్ని ఖాళీ చేసి, నిండుగా ఉన్న ఇంకో బ్యాటరీ మొత్తం దిగిపోయేదాకా ఈ అయస్కాంత మోటారు నడిపి ఛార్జి చేశాం. అదే బల్బు ఈసారి 4 గంటల 10 నిమిషాలకే ఆరిపోయింది. ఒక నిండు బ్యాటరీని ఖర్చుపెడితే మాకు తిరిగి వచ్చింది మూడో వంతు కూడా లేదు. రెండింటినీ అటూ ఇటూ మారుస్తూ ఉంటే ఎప్పటికీ నడుస్తుందని అతను చెప్పిన మాట కూడా పరీక్షించాం. మూడో మార్పుకే రెండూ 11 వోల్టుల కిందికి పడిపోయాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీని అలా ఖాళీగా ఉంచితే పలకల మీద సల్ఫేటు గట్టిపడి అది మళ్లీ ఛార్జి తీసుకోదు, మా రెండింటిలో ఒకదానికి అదే గతి పట్టింది.

దీని వెనకున్న సంగతి తరువాత మావాడే నాకు విడమరచి చెప్పాడు. అయస్కాంతం కాయిలులోని ఇనుము దగ్గరికి వచ్చేటప్పుడు దాన్ని ఎంత లాగుతుందో, దాటి వెళ్లేటప్పుడు అంతే బలంగా వెనక్కి లాగుతుంది, కాబట్టి అయస్కాంతాల నుంచి మనకు మిగిలేది ఏమీ లేదు. చక్రాన్ని తోసేది మొదటి బ్యాటరీ కాయిలులోకి పంపే కరెంటు మాత్రమే. ట్రాన్సిస్టరు ఆ కరెంటును ఆపిన క్షణంలో కాయిలు తనలో దాచుకున్న శక్తిని ఒక్కసారిగా ఎక్కువ వోల్టేజీతో బయటికి విసురుతుంది, డయోడు దాన్ని రెండో బ్యాటరీకి చేరుస్తుంది. అది కూడా మొదటి బ్యాటరీ ఇచ్చిందే, కాకపోతే తీగ వేడికి, బేరింగు రాపిడికి, గాలికి పోగా మిగిలినది. ఆ విసురుల వల్ల బ్యాటరీ పైపైన వోల్టేజీ పెరుగుతుంది తప్ప లోపల నిల్వ అంతగా పెరగదు. పైగా ఒకసారి ఛార్జి అవుతున్న బ్యాటరీ తీగ ఊడిపోయి, ఆ విసురుకు వేరే దారి లేక నియాన్ బల్బు ఎర్రగా వెలిగినప్పుడు, ఆ తీగ పట్టుకున్న మావాడికి మోచేతి దాకా షాకు కొట్టింది. 12 వోల్టులే కదా అని పిల్లల చేత ఇవి చేయించేవారు ఈ సంగతి తప్పక గుర్తుపెట్టుకోవాలి.

ఇవన్నీ కాగితం మీద రాసుకుని నిన్న రాత్రి ఫోను చేశాను. డబ్బు పంపే రోజు నన్ను "అన్నగారూ" అని పిలిచి, "మీలాంటి రైతుల కోసమే ఇది చేస్తున్నాను" అన్న మనిషి, బల్బు పరీక్ష సంగతి చెప్పగానే "నీకు కాయిలు చుట్టడం రాక నా కిట్టుకు వంక పెడతావా" అన్నాడు. వయసులో నాకంటే కనీసం పదిహేనేళ్లు చిన్నవాడు. 15 రోజుల మాట గుర్తుచేస్తే, తీగ చుట్టేసిన కిట్టు వాపసు తీసుకోనన్నాడు. తీగ చుట్టకుండా ఆ మోటారు నడిపి చూడడం ఎవరికీ సాధ్యం కాదని, అలాంటప్పుడు ఆ మాట ఎందుకిచ్చావని అడిగితే జవాబు లేదు. కనీసం మా వీడియో అయినా తీసెయ్యమన్నాను. "అందులో అబద్ధం ఏముంది, మీటరు చూపించింది నిజం కాదా" అన్నాడు. గంటన్నర తరువాత అదే బ్యాటరీ 12.3 చూపించిందని చెప్పాను. దానికి అతను అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో మోగుతోంది: "తీగలు విప్పి గంట తరువాత చూడమని నీకు ఎవడు చెప్పాడు?"

ఆ ఒక్క మాటతో నాకు అంతా తెలిసిపోయింది. గంట ఆగితే వోల్టులు పడిపోతాయని అతనికి ముందే తెలుసు. తెలియక పొరపాటు పడి అమ్ముతున్నాడేమో, ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటే సరిపోతుందేమో అన్న ఆశతో ఫోను చేసిన నాకు, అతని వీడియోలన్నీ మోటారు తిరుగుతూ ఉండగానే ఎందుకు ముగుస్తాయో అప్పుడు అర్థమైంది. 6,850 రూపాయలు పోయినందుకంటే, తెలిసి తెలిసి మా పిల్లవాడి సంతోషాన్ని ఎర చేసినందుకు నా గుండె మండుతోంది. కొనేముందు బ్యాటరీల దుకాణం పెద్దాయనను ఒక్క మాట అడగకపోవడం నా తప్పే, దాన్ని ఒప్పుకుంటున్నాను.

అమెరికా పేటెంటు ఉందని అతను చూపించే కాగితం నిజమైనదే, బెడినీకి 2002లో ఆ పేటెంటు వచ్చింది. కానీ పేటెంటు అంటే ఖర్చుకు మించి కరెంటు పుడుతుందని ప్రభుత్వం పరీక్షించి ఇచ్చిన హామీ కాదు. మన 1970 పేటెంట్ల చట్టంలోని 3వ సెక్షను అయితే, ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైనదాన్ని ఆవిష్కరణగానే గుర్తించదు.

ఈ ఉదయం జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫిర్యాదు ఇచ్చాను, వాట్సాప్ సంభాషణ, చెల్లింపు రసీదు దాచి ఉంచాను. మీరు కూడా అతనితో మాట్లాడిన ప్రతిదీ రాతలోనే ఉంచుకోండి. తోటలో దీపం కావాలనుకునేవారికి ఆ డబ్బుకంటే తక్కువకే 20 వాట్ల సోలారు పలక, ఛార్జి కంట్రోలరు వస్తాయి, మేమూ ఇప్పుడు అదే పెట్టుకుంటున్నాం. మా చక్రం వీడియో మీకు వస్తే దయచేసి ఇంకొకరికి పంపకండి. ఇప్పటికే డబ్బు కట్టి కిట్టు చేతికి వచ్చినవారు ఎవరైనా ఉంటే, ప్యాకెట్టు ఫోటో తీసుకుని, రీలుకు ఒక్క చుట్టు కూడా చుట్టకముందే వాపసు అడగండి.