ఫోమ్ జెట్ ఏసీ సర్వీస్: నురగ ఎంత, పని ఎంత?

ఫిబ్రవరి నెలాఖరు వచ్చిందంటే ఫోన్ నిండా ఏసీ సర్వీసింగ్ ఆఫర్లే. వాటిలో ఇప్పుడు బాగా నడుస్తున్నది ఫోమ్ జెట్ సర్వీస్, అంటే నురగ మందు పట్టించి పంపుతో నీటిధార (జెట్) కొట్టి కడగడం. హైదరాబాద్‌లో యాప్‌లో బుక్ చేసినా, వీధి చివరి ఏసీ షాపులో చెప్పినా ఒక స్ప్లిట్ ఏసీకి దాదాపు ఆరు వందల నుంచి వెయ్యి లోపు అడుగుతారు. మామూలు నీళ్ల సర్వీసు కంటే కాస్త ఎక్కువే. ఆ ఎక్కువ దేనికి ఇస్తున్నాం, చేసేవాళ్లు ఎక్కడ ఎగ్గొడతారు అన్నదే ఇక్కడ విషయం. ఫలానా కంపెనీకి ఇన్ని మార్కులు అని వెయ్యడం లేదు. ఒకే యాప్ నుంచి సోమవారం వచ్చిన కుర్రాడి పనికీ గురువారం వచ్చిన కుర్రాడి పనికీ పొంతన ఉండదు కాబట్టి పనినే విడివిడిగా తూచడం మేలు.

తీర్పు ముందే చెప్పేస్తే: జెట్‌కు మంచి మార్కులు, ఫోమ్‌కు పాస్ మార్కులు, చివర్లో వినిపించే "గ్యాస్ తగ్గింది సార్"కి చాలాసార్లు సున్నా.

జెట్ ఎందుకు కావాలో తెలియాలంటే ఇండోర్ యూనిట్ కింది రెక్క తెరిచి లోపలికి ఫోన్ లైటు వేసి చూడండి (ముందు ఏసీ లైనుకున్న కరెంటు స్విచ్, అంటే ఎంసీబీ, ఆపండి). పొడుగ్గా, గుండ్రంగా, సన్నటి ఆకులు వరుసగా పేర్చినట్టు కనిపించేది బ్లోయర్. ఆ ఆకులు కొద్దిగా వంపు తిరిగి ఉంటాయి. రెండు మూడు సీజన్లు కడగని ఏసీలో ఆ వంపులు దుమ్ము, తేమ, వంటింటి జిడ్డు కలిసిన నల్లటి ముద్దతో పూడుకుపోయి ఉంటాయి. వంపు పూడితే ఆకు గాలిని తొయ్యలేదు. ఫ్యాన్ అదే వేగంతో తిరుగుతుంది, గాలి మాత్రం బాగా పడిపోతుంది. గదిలో చల్లదనం తగ్గడానికీ, వేసిన మొదటి ఐదు నిమిషాలు ముక్కిన వాసన రావడానికీ, కొన్నిసార్లు గాలితోపాటు నీటి తుంపర పడడానికీ చాలావరకు ఈ బ్లోయరే మూలం. బ్రష్షు ఇక్కడికి చేరదు. ఫిల్టర్లు కడిగి, కాయిల్ (గాలిని చల్లబరిచే, సన్నటి రేకులున్న భాగం) మీద బట్టతో తుడిచి వెళ్లే డ్రై సర్వీస్ దీన్ని ముట్టుకోను కూడా ముట్టుకోదు. పంపుతో సన్నటి ధారగా నీళ్లు కొడుతూ, బ్లోయర్‌ను వేలితో కొద్దికొద్దిగా తిప్పుతూ ప్రతి ఆకు వరసకూ తగిలించాలి. కింద సంచిలోకి దిగే నీళ్లు ముందు నల్లగా, తర్వాత బూడిద రంగులో, చివరికి తేటగా రావాలి. నీళ్లు తేటపడకముందే పంపు ఆపేస్తే పని పూర్తయినట్టు కాదు.

జెట్ ధార కాయిల్ రేకుల వెంట నిలువుగా పైనుంచి కిందికి పోవాలి. అడ్డంగా కొడితే పల్చటి అల్యూమినియం రేకులు వంగి ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఆ మేర గాలి దారి మూసుకుపోతుంది. కార్లు కడిగే పెద్ద ప్రెషర్ వాషర్‌ను ఇండోర్ కాయిల్‌కు వాడేవాళ్లున్నారు. అలాంటి మిషన్ తెస్తే గుమ్మంలోనే ఆపండి. ఏసీ సర్వీసుకోసం వచ్చే చిన్న పంపు చాలు.

ఇక ఫోమ్. డబ్బాలోంచి తెల్లటి నురగ కాయిల్ నిండా ఉబ్బి జారుతుంటే చూడ్డానికి బాగుంటుంది, ఫొటోల్లో ఇంకా బాగుంటుంది. నురగ చేసే అసలు పని జిడ్డును వదులు చెయ్యడం. వంటింటి పక్క గది, హోటల్, సెలూన్, రోడ్డు మీదికి కిటికీ ఉన్న ఇల్లు అయితే దానికి ఇచ్చే అదనపు డబ్బు దండగ కాదు. ఏటా కడిగించే పడకగది ఏసీకి మాత్రం ఉత్త నీళ్ల జెట్ సరిపోతుంది. ఫోమ్ వేశాక ఓ పది నిమిషాలు ఆగాలి, ఆ తర్వాత నురగ ఆనవాలు లేకుండా కడగాలి. మిగిలిపోతే దాని మీదే మళ్లీ దుమ్ము పట్టుకుంటుంది. ఘాటైన యాసిడ్, కాస్టిక్ ద్రావణాలతో ఇంకో నష్టం ఉంది. కొత్త ఏసీల కాయిల్ మీద నీలం రంగు పూత ఉంటుంది కదా, నీళ్లు బొట్లుగా నిలవకుండా పల్చగా జారిపోవడానికి అది సాయపడుతుంది. ఆ పూత పోతే నీటిబొట్లు రేకుల మధ్య ఇరుక్కుని గాలితోపాటు గదిలోకి ఎగురుతాయి, తుప్పూ తొందరగా పడుతుంది. ముక్కు మండే వాసన వచ్చే మందు వద్దనండి. మీద ఏమీ రాసి లేని సీసా అయినా వద్దనండి.

సూపర్ మార్కెట్లలో దొరికే ఏసీ స్ప్రే క్యాన్లతో ఇంట్లోనే కానిచ్చేద్దామనుకునేవాళ్లకు ఒక్క మాట: అవి కాయిల్ పైపొరకే. వదులైన మట్టి కిందికి దిగి డ్రెయిన్ ట్రేలో (నీళ్లు చేరే పళ్లెంలో) చేరుతుంది, కడిగే ధార లేదు కాబట్టి పైపు నోరు మూసుకోవచ్చు. అప్పుడిక గోడ మీద నీళ్లే.

సరిగ్గా చేసే సర్వీసు కొలతతో మొదలై కొలతతో ముగుస్తుంది. రాగానే ఏసీని కనిష్ఠ ఉష్ణోగ్రతకు పెట్టి, ఫ్యాన్ హై మీద పదిహేను నిమిషాలు నడపాలి. పైన ఫిల్టర్ దగ్గర లోపలికి పోయే గాలి ఎంత, కింద బయటికి వచ్చే గాలి ఎంత అని థర్మామీటర్‌తో చూడాలి. రెండింటికీ 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే ఏసీ బాగున్నట్టే. విశాఖ, కాకినాడ వైపు తేమ ఎక్కువ. చల్లదనంలో కొంత భాగం ఆ తేమను నీళ్లుగా మార్చడానికే పోతుంది కనుక అక్కడ తేడా కాస్త తక్కువ వచ్చినా కంగారు పడక్కర్లేదు. క్లాంప్ మీటర్ (తీగ చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది) పెట్టి కరెంటు కూడా చూడాలి. 1.5 టన్ను మామూలు ఏసీ సుమారు 7 ఆంపియర్ల దగ్గర తీసుకుంటుంది. ఇన్వర్టర్ (కంప్రెసర్ వేగాన్ని తనే పెంచి తగ్గించుకునే ఏసీ) అయితే గది వేడిని బట్టి మారుతూ ఉంటుంది.

ఆ తర్వాత ఎంసీబీ ఆపి, కుడిపక్కన ఉండే పీసీబీ (ఏసీని నడిపే సర్క్యూట్ బోర్డు) పెట్టెకు ప్లాస్టిక్ కవరు గట్టిగా చుట్టాలి. సర్వీసు అయిన మర్నాడే డిస్‌ప్లే మీద ఎర్రర్ కోడ్ వచ్చిందంటే చాలావరకు ఈ చుట్టడం దగ్గర బద్ధకించడమే కారణం. ఇంకో రెండు చిన్న తప్పులు తరచూ జరుగుతుంటాయి. కాయిల్‌కు గుచ్చి ఉండే సెన్సర్‌ను కడగడానికి తీసి మళ్లీ దాని గొట్టంలో పెట్టకుండా గాలికి వదిలేస్తారు. అప్పుడు ఏసీ తప్పుడు ఉష్ణోగ్రత చదివి వేళకాని వేళ ఆగిపోతుంది, లేదంటే ఎర్రర్ చూపిస్తుంది. రెండోది, డ్రెయిన్ పైపు జాయింటు కదిలిపోవడం, లేదా ఇండోర్ యూనిట్ గోడ ప్లేటు కొక్కేల మీద సరిగ్గా కూర్చోక ఒక పక్కకు వాలిపోవడం. టెక్నీషియన్ వెళ్లేముందు ట్రేలో ఓ లీటరు నీళ్లు పోయించి, బయట పైపు చివర అంతా ధారగా వస్తోందా అని చూసుకోవాలి. రెండు నిమిషాల పని ఇది. మొత్తం సర్వీసుకు ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. ఇరవై నిమిషాల్లో సంచి మడిచేశారంటే బ్లోయర్ జోలికి పోలేదన్నమాటే.

ఔట్‌డోర్ యూనిట్ దగ్గర ఎక్కువమంది చేతులెత్తేస్తారు. బాల్కనీ అవతల, డక్టులో, చెయ్యి అందని చోట ఉంటుంది కాబట్టి దూరం నుంచి ఒక ధార కొట్టి అయిందనిపిస్తారు. వెనక జాలీకి పట్టిన దుమ్ము చాప ముందు పొడి బ్రష్షుతో ఊడాలి, తర్వాతే నీళ్లు. పొడిగా తియ్యకుండా తడిపితే ఆ దుమ్ము బురదై రేకుల లోతుకు దిగుతుంది. వీలున్నచోట పై మూత తీసి లోపలి నుంచి బయటికి కొట్టడం సరైన పద్ధతి. హైదరాబాద్ అపార్టుమెంట్లలో పావురాల గూళ్లు, ఈకలు తియ్యకుండా ఏ సర్వీసూ పూర్తయినట్టు కాదు. పీసీబీ మీద బల్లి చచ్చిపడి షార్ట్ అవడం కూడా మనవైపు మామూలే. మూత తీసినప్పుడు ఓ చూపు వేయించండి. సన్నటి డక్టులో ఒకదాని మీద ఒకటి నాలుగు ఔట్‌డోర్లు పెట్టి, కింది దాని వేడిగాలి పైదాని నోట్లోకి పోతుంటే మాత్రం ఎన్ని సర్వీసులు చేయించినా రోహిణి కార్తెలో పైది ట్రిప్ అవుతూనే ఉంటుంది. అది బిల్డర్ చేసిన పని, టెక్నీషియన్‌ను తిట్టి లాభం లేదు.

ఇప్పుడు అసలు బేరం జరిగే చోటుకొద్దాం. సర్వీసు అయ్యాక గ్యాస్ ఒత్తిడి కొలిచే గేజ్ పెట్టి, "ప్రెషర్ తక్కువుంది, గ్యాస్ కొట్టాలి, మూడు వేలవుతుంది" అంటారు. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు చూపించకుండా గ్యాస్ ఒక్కటే నింపితే అది బయటికి పోవడానికి కొన్ని వారాలో నెలలో పడుతుంది, మళ్లీ మూడు వేలు.

నిజంగా తగ్గిందా అన్నది కాయిల్ కడిగాకే తేల్చాలి. ఫిల్టర్, బ్లోయర్ పూడిపోయి గాలి ఆడకపోయినా ప్రెషర్ పడిపోతుంది, ఐసు కడుతుంది. కాయిల్ అంతటా ఐసు పరిచినట్టుంటే ముందు గాలి దారిని అనుమానించండి. కాయిల్ మొదట్లో కొంత మేరే, లేదా ఔట్‌డోర్ దగ్గర సన్న పైపు మీదే ఐసు పడుతూ మిగతా కాయిల్ వెచ్చగా ఉంటే గ్యాస్ తగ్గిందనడానికి అర్థం ఉంది. ఇన్వర్టర్ ఏసీకి గేజ్ రీడింగ్ ఒక్కటే సాక్ష్యంగా పనికిరాదు. కంప్రెసర్ వేగం తగ్గించుకున్నప్పుడు ఒక అంకె, పెంచినప్పుడు ఇంకో అంకె వస్తుంది. పాత ఆర్22 (ఇవి గ్యాస్ రకాల పేర్లు) ఏసీలకు నడుస్తున్నప్పుడు ఒత్తిడి 60–70 పీఎస్‌ఐ ఉంటే చాలు. ఆర్410ఏ, ఆర్32 ఏసీలకు అది దాదాపు రెట్టింపు, 110–140 మధ్య ఉండాలి. పాత లెక్క నోటికి వచ్చినవాళ్లు, ఏ గ్యాసో స్టిక్కర్ చూడకుండా గేజ్ చదివేవాళ్లు ఇంకా ఉన్నారు.

లీకుల్లో ముందు వెతకాల్సినవి ఫ్లేర్ నట్లు (గొట్టాలు యూనిట్‌కు కలిసే చోటి నట్లు), సర్వీస్ వాల్వు పిన్ను (గ్యాస్ ఎక్కించే చోటిది). సబ్బు నురగ రాస్తే బుడగలు కనిపిస్తాయి. అక్కడ లేకపోతే నైట్రోజన్ నింపి ప్రెషర్ నిలుస్తోందా చూడాలి. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ సిలిండర్ తెస్తే అక్కడికక్కడే పంపించేయండి. ఆక్సిజన్ కంప్రెసర్ ఆయిలుతో కలిస్తే పేలవచ్చు. లీకు మూసాక గొట్టాల్లోని గాలి, తేమ లాగేసే వ్యాక్యూమ్ పంపు కనీసం ఇరవై ముప్పై నిమిషాలు నడవాలి, తర్వాత కాటా మీద సిలిండర్ పెట్టి ఔట్‌డోర్ స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములే ఎక్కించాలి. చాలా 1.5 టన్ను ఆర్32 ఏసీలకు అది కిలో లోపే. కాటా లేకుండా "చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోద్ది సార్" అనేవాళ్లకు ఇన్వర్టర్ ఏసీ అప్పగించవద్దు. ఆర్32కు మంట అంటుకునే గుణం కొద్దిగా ఉంది. గొట్టాల్లో గ్యాస్ పూర్తిగా తీసేయకుండా అతుకు కోసం వెల్డింగ్ మంట వెలిగించకూడదు, గది కిటికీలు తెరిచి ఉంచాలి.

సముద్రం పక్కనా, మురుగు నాలాల పక్కనా లెక్క వేరు. ఉప్పుగాలి రేకుల్ని, మురుగులోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ రాగిని తినేస్తాయి. నల్లబడిన ఇండోర్ కాయిల్‌లో ఒకచోట అతికిస్తే పక్కనే ఇంకోచోట కారుతుంది. అక్కడ గ్యాస్‌కు పెట్టే డబ్బు కొత్త కాయిల్‌కు పెట్టడం నయం. కాయిల్ వారంటీలో ఉందేమో ముందు కాగితం చూసుకోండి.

ఇంకో ఖరీదైన అబద్ధం "కంప్రెసర్ పోయింది". మామూలు ఏసీలో ఔట్‌డోర్ ఫ్యాన్ తిరుగుతూ, కంప్రెసర్ గుయ్యిమని కాసేపటికి ఆగిపోతుంటే ముందు కెపాసిటర్ (కంప్రెసర్ మొదలై నడవడానికి సాయపడే చిన్న డబ్బా లాంటి భాగం) కొలవాలి. 1.5 టన్నుకు చాలావరకు 45 లేదా 50 మైక్రోఫారడ్ ఉంటుంది. రాసిన దానికంటే 5 శాతానికి మించి తగ్గితే మార్చేయడమే, కొన్ని వందల్లో అయిపోతుంది. కరెంటు ఆపాక కూడా అందులో చార్జి నిలిచి ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లు స్క్రూడ్రైవర్ పట్టుకుని ప్రయోగాలు చెయ్యొద్దు. ఇన్వర్టర్ కంప్రెసర్‌ను పీసీబీయే నడుపుతుంది, దానికి ఈ రన్ కెపాసిటర్ ఉండదు. ఇన్వర్టర్ ఏసీకి "కంప్రెసర్ కెపాసిటర్ మార్చాం" అని బిల్లు రాస్తే పాత ముక్క చేతికివ్వమనండి.

బుక్ చేసే నెల ధర మీద కంటే పని మీద ఎక్కువ ప్రభావం చూపుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఒక్కో కుర్రాడికి రోజుకు తలకు మించిన కాల్స్ ఉంటాయి, పదిహేను నిమిషాల కొలత పరుగులో ఎగిరిపోతుంది. ఫిబ్రవరిలోనే చేయించుకుంటే తీరిగ్గా చేస్తారు. మధ్యలో ఫిల్టర్లు పదిహేను రోజులకోసారి మీరే తీసి కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టుకోండి. రోడ్డు పక్క ఇళ్లకు దసరా దాటాక రెండో సర్వీసు ఉండాలి. మిగతావాళ్లకు ఏడాదికి ఒకటి చాలు. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) తీసుకునేవాళ్లు గ్యాస్, పీసీబీ, కాయిల్ అందులో ఉన్నాయా లేవా అని చదవండి. అవేవీ లేని ఏఎంసీ అంటే మూడు నాలుగు సర్వీసులకు ముందుగానే డబ్బు కట్టడం. ఏఎంసీ ధర ఆ సర్వీసులకు విడివిడిగా అయ్యే ఖర్చు కంటే తక్కువైతేనే తీసుకోండి. చాలా సర్వీసులకు కొన్ని వారాల గ్యారంటీ ఉంటుంది, దాన్ని బిల్లు మీద రాయించుకోండి. వారంలో నీళ్లు కారడం మొదలైతే కొత్తగా బుక్ చెయ్యకుండా పాత బిల్లు నంబరుతోనే పిలవండి. లేదంటే మళ్లీ విజిట్ చార్జీ పడుతుంది.