చిన్న హార్డ్ డిస్కు ప్లేయర్: 8 ఏళ్లు వాడాక

నా మ్యూజిక్ ప్లేయర్‌లో ఉన్నది 4 జీబీ హార్డ్ డిస్కు. సైజు 1 అంగుళం. 8 ఏళ్లు పాటలు వినిపించి, చివరికి చెడిపోయింది.

చూడ్డానికి కెమెరాలో పెట్టే మెమరీ కార్డులా ఉంటుంది, మందం 5 మిల్లీమీటర్లు. ఐబీఎం 1999లో ఇలాంటి మైక్రోడ్రైవ్‌ను తెచ్చినప్పుడు పెద్ద మోడల్‌లో కూడా 340 ఎంబీయే పట్టేది. అంత చిన్న పెట్టెలోనే మోటారు, తిరిగే పళ్లెం, దానిపై గాలి పొర మీద తేలుతూ డేటా చదివే హెడ్డు, అన్నీ ఉంటాయి. నిమిషానికి 3600 చుట్లు. జేబులో వేసుకుని పరిగెత్తేటప్పుడు మొదట్లో నాకు టెన్షన్‌గానే ఉండేది.

తర్వాత తెలిసింది, అది తిరిగేదే తక్కువని. ప్లేయర్ కొన్ని పాటల్ని ఒక్కసారే మెమరీలోకి లాక్కుని డిస్కును ఆపేస్తుంది. చెవికి ఆనించి వింటే సన్నగా ఒక జుయ్, చిన్న టిక్, ఆపైన చాలాసేపు ఏ చప్పుడూ ఉండదు. ఆల్బమ్‌ను వరసగా వింటే బ్యాటరీ చాలాసేపు వచ్చేది. నచ్చని పాటలు దాటేస్తూ పోతే మాత్రం డిస్కు మాటిమాటికీ లేవాలి, ఛార్జింగ్ తొందరగా అయిపోతుంది. ఇంట్లో ఇద్దరం వాడేవాళ్లం. ముందు ఎవరు విన్నారో బ్యాటరీ గుర్తు చూసి చెప్పేసేవాణ్ణి!

రెండుసార్లు చేతిలోంచి జారి పడింది. ఏమీ కాలేదు. డిస్కు ఆగినప్పుడు హెడ్డు పళ్లెం మీద ఉండదు, పక్కనున్న చిన్న ర్యాంపు ఎక్కి కూర్చుంటుంది. తిరుగుతుండగా పడి ఉంటే కథ వేరేలా ఉండేదేమో.

ఏడో ఏట కొన్ని పాటల దగ్గర తడబడడం మొదలైంది. ఫైలు పాడైందేమో అనుకుని పట్టించుకోలేదు, అదే నా పొరపాటు. ఆ మరుసటి ఏడు టక్ టక్‌మని కొట్టుకోవడం మొదలుపెట్టింది. పాటలన్నీ కలిపి కాపీ పెడితే మధ్యలో ఆగిపోయేది. పది పాటలు తీసుకోవడం, కాసేపు ఆగడం, మళ్లీ పది. రెండు రోజులు పట్టింది, ముప్పై పాటల దాకా దక్కలేదు.

నా అదృష్టం, ఈ డిస్కు పిన్నులు కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు (కెమెరాల్లో వాడే, తిరిగే భాగాల్లేని మెమరీ కార్డు) పిన్నులే. డిస్కు తీసి ఆ కార్డు పెట్టి, కంప్యూటర్ నుంచి సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాను. కార్డు మందం 3.3 మిల్లీమీటర్లే కాబట్టి కదలకుండా సందులో అట్టముక్క మడిచి దోపాను. తెరవడమే కష్టం, మిగతాది పావుగంట పని. ఇప్పుడు పాటలు ఎంత దాటేసినా బ్యాటరీ నిలుస్తోంది. 2001 నాటి తొలి ఐపాడ్‌లా 1.8 అంగుళాల డిస్కు ఉన్నవాటికి ఇంత సులువు కాదు, మధ్యలో అడాప్టర్ కావాలి.

ఎవరైనా పాత డిస్కు ప్లేయర్ ఇస్తామంటే చెవి దగ్గర పెట్టుకుని, వరసగా పదిసార్లు పాట మార్చి చూడండి. జుయ్‌మంటే తీసుకోవచ్చు. టక్ టక్‌మంటే, అందులో కొత్త కార్డు పెట్టే ఓపిక ఉంటేనే తీసుకోండి.