ముసలి పిల్లి తిండి మానేస్తే ఏం పనిచేసింది: ఏడాది పైన వాడాక నా రివ్యూ

మా చుక్కికి పదిహేనేళ్ళు దాటాయి, కిడ్నీలు దెబ్బతిన్నాయని తేలి కూడా ఏడాది పైనే అయ్యింది. అప్పట్నుంచి దాని చేత నాలుగు ముద్దలు తినిపించడానికి నేను కొన్నవీ వండినవీ డాక్టరు రాసినవీ అన్నీ ఇన్నాళ్ళు వాడాను కాబట్టి ఏది పనికొచ్చింది ఏది డబ్బు దండగ అన్నది ఒక్కచోట రాసేస్తున్నా. ప్యాకెట్ మీద రాసిన మాటలు కావివి, మా ఇంట్లో, మన వైజాగ్ ఉక్కపోతలో, ఒక ముసలి పిల్లి ముందు పెట్టి చూసిన సంగతులు.

సరుకుల్లోకి వెళ్ళేముందు ఒకటి చెప్పాలి, ఇది తెలీకపోతే మిగతాదంతా చదివినా వేస్టు. ముసలి పిల్లి తిండి మానేస్తే ఇంట్లో పెద్దవాళ్ళు అనేది ఒకటే, "దానికి పొగరెక్కింది, చేప రుచి మరిగి అన్నం ముట్టట్లేదు, ఒక పూట పస్తుంచు అదే దారికొస్తుంది" అని. దయచేసి పస్తుంచకండి. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వు కరిగి లివర్లోకి చేరిపోయి లివరే పాడయ్యే ప్రమాదం ఉంది, కాస్త బొద్దుగా ఉండే పిల్లులకైతే ఇంకా ఎక్కువ. ఒక రోజంతా మూతి పెట్టలేదంటే ఇంక ఆలోచించకుండా డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళిపోవడమే.

చుక్కి ఎలా చేసేదంటే, ప్లేటు చప్పుడు వినగానే లేచి వచ్చేది, తోక నిలబెట్టుకుని మరీ వచ్చేది. ముక్కు దించి వాసన చూసేది. అక్కడితో ఆగి పెదాలు ఒకసారి నాక్కుని, గుటక వేసి, మళ్ళీ నాక్కుని, మెల్లగా మొహం పక్కకి తిప్పేసేది. ఒక్కోసారి ముందు కాలితో నేల గీకేది, ప్లేటుని కప్పెట్టేద్దామన్నట్టు. ఇది చూసి నచ్చలేదేమో బ్రాండు మారుద్దాం అనుకుంటాం ఎవరమైనా, కానీ ఫోన్లో తీసిన వీడియో డాక్టరు గారికి చూపిస్తే ఆవిడ చూసీ చూడగానే వికారం అన్నారు. ఆకలి ఉంది కాబట్టే వచ్చింది, కడుపులో తిప్పుతోంది కాబట్టే తినలేకపోయింది. కిడ్నీలు సరిగ్గా పనిచెయ్యకపోతే రక్తంలో యూరియా లాంటి వ్యర్థాలు పేరుకుపోయి ఇలా అవుతుందట. వీడియో తియ్యడం మాత్రం అందరికీ చెప్తాను, ఎందుకంటే క్లినిక్ టేబుల్ మీద ఏ పిల్లీ ఇంట్లో ఉన్నట్టు ఉండదు, భయంతో బిగుసుకుపోయి కూర్చుంటుంది, ఇంక డాక్టరుకి ఏం తెలుస్తుంది.

కాబట్టి నా లెక్కలో మొదటి స్థానం ఏ ఫుడ్డుకీ కాదు, వాంతులకీ వికారానికీ ఇచ్చే మారోపిటెంట్ కి. డాక్టరు మొదట ఇంజెక్షన్ చేసి, తర్వాత టాబ్లెట్ రాశారు. అంతకుముందు ముట్టని అదే వెట్ ఫుడ్ పౌచ్ ని మందు పడ్డాక సగం తినేసింది. ఫుడ్ మారలేదు, పిల్లి మారలేదు, కడుపులో తిప్పడం తగ్గింది అంతే. పళ్ళు కూడా చూపించండి, ముసలి పిల్లుల్లో చిగుళ్ళు వాచి ఒక పక్కనే నమలడం, నోట్లో పెట్టుకున్న గుళిక కింద పడెయ్యడం చాలా మామూలు, అలాంటప్పుడు ఎంత మంచి డ్రై ఫుడ్ కొన్నా లాభం లేదు. ఇంకో సంగతి, బాగా తింటూనే చిక్కిపోతుంటే అది థైరాయిడ్ కావచ్చు, దానికి వేరే రక్తపరీక్ష ఉంది.

ఇప్పుడు పైసా ఖర్చు లేనిదాని గురించి, నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే: తిండి వేడి చెయ్యడం. పిల్లి తినాలో వద్దో ముందు ముక్కుతోనే తేల్చుకుంటుంది, వయసు మీద పడ్డాక ఆ వాసన పట్టడం కూడా తగ్గుతుంది, మనమేమో సగం వాడిన పౌచ్ ఫ్రిజ్ లోంచి తీసి చల్లగా అలాగే పెట్టేస్తాం, చల్లటిదానికి వాసన ఏముంటుంది చెప్పండి. పిల్లి ఒంటి వేడి 38 డిగ్రీల పైన ఉంటుంది, తిండి కూడా ఆ దగ్గర్లో ఉంటే చాలు. నేను చేసేది ఏంటంటే, కొత్త పౌచ్ అయితే విప్పకుండానే వేణ్ణీళ్ళ గ్లాసులో ఐదు నిమిషాలు నిలబెడతా, మిగిలింది అయితే చిన్న స్టీలు గిన్నెలో వేసి ఆ గిన్నెని వేణ్ణీళ్ళలో పెట్టి స్పూనుతో తిప్పుతా. చంటిపిల్లల పాలు చూసినట్టు మణికట్టు మీద కొంచెం పెట్టి చూసుకుంటే తెలిసిపోతుంది. మైక్రోవేవ్ నాకు నచ్చలేదు, ఒక చోట కాలిపోతుంది ఇంకో చోట చల్లగా ఉంటుంది, నోరు ఒకసారి కాలిందా ఆ తిండి జోలికి మళ్ళీ రాదు. మే నెలలో ఉక్కపోతకి మనకే అన్నం సయించదు, ఈ టైములో వేడి ఎందుకు అని మా అమ్మ అంటుంది కానీ ఎండాకాలంలోనే ఇది ఇంకా అవసరం, ఎందుకంటే అప్పుడు ఏదీ బయట పెట్టలేం, అన్నీ ఫ్రిజ్ లోవే.

వాసన అంటే గుర్తొచ్చింది, నెత్తళ్ళు, అదే ఆ చిన్న సముద్రపు చేపలు. మన ఊళ్ళో ఉండి ఇది వాడుకోకపోతే ఎలా. పెదజాలరిపేట వైపు వెళ్ళినప్పుడు ఎండు నెత్తళ్ళు తెస్తాను. మొదటిసారి కుప్పలోంచి ఏరుతుంటే అమ్మే ఆవిడ "ఏటమ్మా, ఒక్కోటీ అలగ ఏరుతున్నావు, ఏపుడికా?" అనడిగింది, కాదు పిన్నీ మా ముసలి పిల్లికి అంటే, "పిల్లికైతే ఉప్పేసినయి ఒద్దు తల్లీ, ఇయి ఉప్పు లేకండా ఎండబెట్టినయి, ఇయి అట్టుకెళ్ళు" అని వేరే బుట్టలోంచి తీసిచ్చింది. ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్, కిడ్నీ, బీపీ ఉన్న పిల్లికి ఆ ఉప్పు మంచిది కాదు. ఇంటికి తెచ్చాక తలలు తీసేసి, ఇసక పోయేదాకా కడిగి, మళ్ళీ ఎండలో ఆరబెట్టి, నూనె లేకుండా పెనం మీద సన్నటి సెగన వేయించి రోట్లో దంచుకుంటా. పెనం మీద పడగానే చుక్కి ఎక్కడ పడుకున్నా వంటింటి గడప దగ్గర ప్రత్యక్షం అయిపోతుంది, ఆ మీసాలు ముందుకి వస్తాయి చూడండి, ఆ ఒక్క దృశ్యం కోసం ఎంత పనైనా చెయ్యొచ్చు. ఆ పొడి ఒక్క చిటికెడు, అంతే, తిండి పైన చల్లాలి. ఎండు చేపలో ఫాస్ఫరస్ ఎక్కువ కాబట్టి కిడ్నీ పిల్లికి ఇది వాసన కోసమే, తిండిగా కాదు, అది కూడా డాక్టరుకి చెప్పే వాడుతున్నా.

పచ్చి చేప మాత్రం వద్దు. కొన్ని రకాల పచ్చి చేపల్లో విటమిన్ బి1 ని నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది, అదే పనిగా పెడితే నరాల మీదికి వస్తుంది, ఉడికిస్తే ఆ బాధ లేదు, ముళ్ళు మాత్రం తీసెయ్యాలి. అలాగే మన కూరలో ముక్క కడిగి పెట్టేస్తాం కదా, అది మానెయ్యండి. ఉల్లి, వెల్లుల్లి రెండూ పిల్లుల ఎర్రరక్తకణాల్ని విరిచేస్తాయి, ముక్క కడిగినా అందులో ఊరింది పోదు, పొడి రూపంలో ఉన్నా అంతే. చికెన్ నేను విడిగా ఉత్త నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళతో సహా పెడతా. చుక్కికి బాగా ఇష్టం, కానీ ఉత్త చికెన్ మీదే నెలల తరబడి ఉంచలేం, కాల్షియం సరిపోదు, టారిన్ అనే పోషకం నమ్మకంగా అందదు, టారిన్ తక్కువైతే పిల్లులకి గుండె, కళ్ళు రెండూ దెబ్బతింటాయి.

కొనే వెట్ ఫుడ్డుల్లో విస్కాస్, షీబా, మీఓ మూడూ తిప్పి తిప్పి వాడాను. మా దానికి బ్రాండు కంటే రకం ముఖ్యం అని తేలింది. ముక్కలు గ్రేవీలో ఉన్నది పెడితే గ్రేవీ అంతా నాకేసి ముక్కలు శుభ్రంగా వదిలేస్తుంది, అదే ముక్కల్ని ఫోర్కుతో మెత్తగా చిదిమి రెండు స్పూన్లు వేణ్ణీళ్ళు కలిపితే మొత్తం తింటుంది. నీళ్ళు కలపడం కిడ్నీకీ మంచిదే, వెట్ ఫుడ్డులో ముప్పాతిక వంతు పైన నీరే ఉంటుంది, డ్రై ఫుడ్డులో పదో వంతు ఉంటే గొప్ప. ఆన్లైన్ లో డజను ప్యాక్ చవగ్గా వస్తుందని కొంటే ఒకసారి ఎక్స్పైరీకి నెల కూడా లేని స్టాక్ వచ్చింది, రిటర్న్ కూడా తీసుకోలేదు. అందుకే ఇప్పుడు ఊళ్ళో షాపులోనే డేటు చూసుకుని నాలుగు రుచులు ఒక్కొక్కటే కొంటున్నా, ఎలాగూ ముసలి పిల్లి ఈ వారం తిన్నది వచ్చే వారం తింటుందని గ్యారంటీ లేదు.

ట్యూబుల్లో వచ్చే క్రీమీ ట్రీట్లు, పిల్లలు ఐస్ తిన్నట్టు నాకించేవి, వీటి మీద నాకు ఇష్టం ఉంది కానీ ఒక హెచ్చరిక కూడా ఉంది. ఇష్టం ఎందుకంటే అస్సలు మూతి పెట్టని పూట దీన్ని కొంచెం పై పెదవికి రాస్తే నాక్కుంటుంది, ఆ ఊపులో పక్కనే ఉన్న తిండి మొదలెడుతుంది, మందు ముక్క కూడా ఇందులో పెట్టి ఇచ్చెయ్యొచ్చు. హెచ్చరిక ఏంటంటే ఇందులో కేలరీలు చాలా తక్కువ. 3 కిలోల పిల్లి ఊరికే పడుకుని ఉన్నా రోజుకి 160 కేలరీల దాకా కావాలి, ఈ ట్యూబులు రెండు నాకేసి తిన్నట్టు కనిపిస్తే మనం మోసపోతాం.

ఆకలి పుట్టించే మందు మిర్టాజపిన్. మనుషులకి డిప్రెషన్ కి ఇచ్చే మందే, పిల్లుల్లో ఆకలి పెంచుతుంది, వికారం కూడా కొంత తగ్గిస్తుంది. అమెరికాలో దీన్నే చెవికి రాసే ఆయింట్మెంటుగా 2018లో ఆమోదించారు, నేను వాడింది మాత్రం టాబ్లెట్ ముక్క. కిడ్నీ పిల్లుల ఒంట్లోంచి ఇది ఆలస్యంగా పోతుంది కాబట్టి మా దానికి రోజు మార్చి రోజు ఇమ్మన్నారు. పనిచేసిందా అంటే బ్రహ్మాండంగా చేసింది, వేసిన గంటా రెండు గంటల్లో ప్లేటు దగ్గర కూర్చుని అరుస్తుంది. ఆ అరుపులే దీని సైడ్ ఎఫెక్టు కూడా, రాత్రి ఇస్తే ఇల్లంతా తిరుగుతూ అరుస్తుంది, అందుకని పొద్దున్న ఇవ్వడం నయం. డోసు ఎక్కువైతే వణుకు, కంగారు వస్తాయి, సొంతంగా మెడికల్ షాపులో కొని వెయ్యకండి. సైప్రోహెప్టడిన్ అని ఇంకో ఆకలి మందుంది, అది దీనికి విరుగుడుగా వాడేది, రెండూ కలిపి ఇవ్వకూడదు, ఇద్దరు డాక్టర్లకి చూపించేవాళ్ళు ఇది తప్పకుండా చెప్పండి.

కిడ్నీ డైట్ ఫుడ్, రాయల్ కెనిన్ రీనల్ మేము వాడింది. ఖరీదెక్కువ, కానీ ఫాస్ఫరస్ తక్కువ ఉంటుంది కాబట్టి తింటే మంచిదే. ఇక్కడ టైమింగ్ ముఖ్యం. కడుపులో తిప్పుతున్నప్పుడు కొత్త ఫుడ్ పెడితే ఆ వికారాన్ని ఆ ఫుడ్డుతో ముడిపెట్టేసుకుని జన్మలో ముట్టదు. బాగా తింటున్న రోజుల్లో పాత తిండిలో స్పూను స్పూనుగా కలుపుతూ వెళ్ళాలి, మాకు నెల పైనే పట్టింది. ఇప్పటికీ సగం రీనల్, సగం మామూలు తింటుంది, పూర్తిగా మార్చాలని నేనూ పట్టుపట్టలేదు, తినని మంచి తిండి కంటే తినే మామూలు తిండే మేలు అని డాక్టరు గారూ అన్నారు.

ప్లేటు సంగతి చిన్నదే. గిన్నె తీసేసి వెడల్పాటి పళ్ళెం పెట్టాను, కింద ఒక పీట వేశాను, కీళ్ళ నొప్పులతో మెడ వంచడం తగ్గింది. మన దగ్గర చీమలు పెద్ద గొడవ, పళ్ళాన్ని నీళ్ళు పోసిన ఇంకో పెద్ద పళ్ళెంలో పెడితే సరిపోతుంది. అరగంటలో తినకపోతే తీసెయ్యాలి, ఈ ఉక్కకి తొందరగా పాడైపోతుంది.

సిరంజితో తినిపించడం మా పక్కింటి వదిన చెప్పారు. నాకు నచ్చలేదు, బలవంతంగా నోట్లోకి కొడితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, తిండి మీదే భయం పట్టుకుంటుంది. డాక్టరు చూపించినట్టు బుగ్గ పక్కనుంచి కొంచెం కొంచెం, అదీ వేరే దారి లేని పూట మాత్రమే. పాలల్లో పంచదార కలిపి పెట్టమనేవాళ్ళూ ఉంటారు, పిల్లులకి తీపి రుచి తెలీదు, పెద్ద పిల్లులు చాలావాటికి పాలు పడక విరేచనాలవుతాయి.

నేను కొన్నవాటిల్లో అస్సలు డబ్బు దండగ కానిది డిజిటల్ కాటా, పసిపిల్లల్ని తూచేది. ఆదివారం ఆదివారం తూచి క్యాలెండర్ మీద రాస్తాను. బొచ్చు వల్ల చిక్కిపోవడం కంటికి ఆనదు, వీపు మీద చెయ్యేసి నిమిరినా నూరు గ్రాముల తేడా తెలీదు, కాటా మాత్రం చెప్పేస్తుంది, చిన్న పిల్లికి నూరు గ్రాములంటే చాలా ఎక్కువ. బరువు ఇప్పుడు నిలకడగా ఉంది. దీపావళి తర్వాత మళ్ళీ రక్తపరీక్ష, రిపోర్టుని బట్టి ఫాస్ఫరస్ తగ్గించే పొడి మొదలెట్టాలేమో అన్నారు, అది తిండిలోనే కలపాలట. కలిపితే చుక్కి పసిగట్టి మొహం తిప్పేస్తుందా, నెత్తళ్ళ పొడి ఆ వాసనని కప్పేస్తుందా అన్నది కొన్నాళ్ళు వాడి చూశాక రాస్తాను.