పాత గోడకి సిమెంటా, గానుగ సున్నమా?

మా ఆయన తాతగారు కట్టించిన మండువా ఇల్లు అమలాపురం దగ్గర పల్లెలో ఉంది. చాలా ఏళ్ళు తాళం వేసి వదిలేశాం. రెండేళ్ళుగా శని, ఆదివారాలు మేమిద్దరమే వెళ్ళి ఒక్కో పనీ చేసుకుంటున్నాం. పెంకులు దించి మళ్ళీ పరిచాం, దూలాలకి చెద మందు కొట్టించాం. ఇవన్నీ ఒక ఎత్తు, గోడల ప్లాస్టింగ్ ఒక ఎత్తు. ఊళ్ళో ఎవరిని అడిగినా సిమెంటే అన్నారు. ఒక్క ముసలి తాపీ మేస్త్రీ మాత్రం "ఆ గోడలకి సిమెంటు పడదమ్మా" అన్నాడు. ఆయన మాట ఎందుకు నిజమో మా ఇంట్లోనే కనిపించింది.

1996 నవంబరు తుఫానుకి హాలు దెబ్బతింటే అప్పట్లో గోడలకి సిమెంటు పూయించారు. పక్క గదిలో మాత్రం తాతగారి నాటి సున్నమే ఉంది. ఇటుక ఒకటే, నేల ఒకటే, వాన ఒకటే. అందుకని మొదట ఈ రెండు గోడల్నీ చూశాం.

హాలు గోడ మోకాలెత్తున ఉబ్బి ఉంది. మా ఆయన ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేసేసరికి చాటంత పెచ్చు ఊడి కిందపడింది. దాని వెనక చెయ్యి పెడితే చల్లగా, తడిగా తగిలింది. ఇటుకల మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. బొటనవేలితో నొక్కితే ఇటుక ఎర్రటి పిండిలా రాలింది. "ఏవండీ, ఇన్నాళ్ళూ ఈ గోడ తడిబట్ట కట్టుకుని ఉందండీ" అన్నాను. నిజంగా ఏడుపొచ్చింది. పక్క గదిలోనూ అడుగున సున్నం పొడిపొడిగా రాలుతోంది, కాదనను. కానీ దాన్ని గీకేస్తే వెనక ఇటుక గోటికి లొంగనంత గట్టిగా ఉంది.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఇలాంటి పాత ఇళ్ళ పునాది మీద, చెమ్మ పైకెక్కకుండా ఈనాడు వేసే డీపీసీ పొర ఉండదు. నేలలోని చెమ్మ ఇటుకల గుండా పైకి పాకుతుంది. కాలువ పక్కనే ఉండే మా ఊళ్ళో ఇది ఏడాది పొడవునా ఉండే బాధే. సున్నపు గారలో సన్నటి రంధ్రాలుంటాయి కాబట్టి ఆ చెమ్మ బయటికొచ్చి ఆరిపోతుంది. ఉప్పు కూడా గారలోనే పేరుకుంటుంది. చెడితే గార చెడుతుంది, మళ్ళీ పూసుకోవచ్చు. సిమెంటు దట్టంగా ఉండి తడిని లోపలే ఆపేస్తుంది. తడి ఇంకా పైకెక్కుతుంది, ఉప్పు ఇటుకలోనే గట్టిపడి దాన్ని తినేస్తుంది. చెడిన ఇటుకని మళ్ళీ పూసుకోలేం కదా.

హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పనుల్లోనూ గత శతాబ్దంలో పూసిన సిమెంటుని తీసేసి సున్నపు గారే వేశారు. 1591 నాటి చార్మినార్‌ది కూడా సున్నపు కట్టడమే. ఇక మా గోడల సంగతి చెప్పాలా!

అయితే సున్నం పని తేలిక అనుకుంటే పొరపాటు. సిమెంటు నీళ్ళు కలిపిన కొద్దిసేపట్లోనే బిగుసుకోవడం మొదలవుతుంది, ఇద్దరు మేస్త్రీలుంటే రెండు రోజుల్లో గది అయిపోతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని మెల్లగా పీల్చుకుని గట్టిపడాలి. దానికి నెలలు పడుతుంది. మేం కాల్చిన సున్నపురాయిని డ్రమ్ములో నీళ్ళు పోసి అందులో కొద్దికొద్దిగా వేశాం. రాయి మీద నీళ్ళు గుమ్మరించకూడదు, కుతకుత ఉడికి చింది కళ్ళు పోయే ప్రమాదం ఉంది. కళ్ళద్దాలు, చేతులకి గ్లౌజులు లేకుండా దగ్గరికి పోవద్దు. అది మూడు వారాలు నానాక జల్లెడ పట్టి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసుక, కాస్త ఇటుక పొడి కలిపాం. కరక్కాయ, బెల్లం నానబెట్టి పులిసిన నీళ్ళు పోశాం. మా ఊళ్ళో ఇప్పుడు సున్నం రుబ్బే గానుగ లేదు, రోకళ్ళతోనే దంచాం. ముద్ద తాపీకి అంటుకుని వెన్నలా సాగేదాకా దంచాల్సిందే. భుజాలు పడిపోయాయి. ఒక్కో పూత అర అంగుళం మించకుండా వేసి, తడి గోనెపట్టాలు కట్టి, పగుళ్ళు రాకుండా చూసుకుంటూ ఒక్క గదికి రెండు నెలల వారాంతాలు పట్టింది. ఆఫీసు సెలవులు చూసుకోలేక టెన్షన్ పడిన రోజులున్నాయి.

మధ్యేమార్గంగా సున్నంలో పిడికెడు సిమెంటు కలపమని కొందరు చెప్పారు. తొందరగా గట్టిపడుతుందని ఒక మూల ప్రయత్నించాం. నెల తిరక్కుండా అంచుల దగ్గర విడిపోయింది. నేనైతే ఎవరికీ అలా కలపమని చెప్పను.

అలాగని సిమెంటుని పూర్తిగా పక్కన పెట్టలేదు. కొత్తగా కట్టిన బాత్రూం గోడలకి, నీళ్ళ తొట్టికి, సెప్టిక్ ట్యాంకుకి సిమెంటే వాడాం. నీళ్ళని ఆపాల్సిన చోట దానికి సాటి లేదు. సిమెంటుతో కట్టిన కొత్త ఇంటికి సున్నం కోసం ఇంత కష్టపడక్కర్లేదనే నా అభిప్రాయం. మట్టితోనో సున్నంతోనో ఇటుక పేర్చిన పాత గోడైతే మాత్రం రోజులు ఎక్కువైనా సున్నమే వేయండి. పైన రంగుకీ అంతే, ప్లాస్టిక్ పెయింట్ వేస్తే మళ్ళీ తడి లోపలే ఉండిపోతుంది. వెల్ల చాలు.

ఇప్పుడు హాలు సిమెంటంతా ఊడగొట్టాం. పిండైన ఇటుకలు తీసి, వెనక పాకలో దాచిన పాత ఇటుకలే పెట్టాం. గోడ ఆరనిచ్చి, వానలు వెనకపట్టాక కార్తీకంలో గార మొదలుపెడతాం. డ్రమ్ములో సున్నం నానుతోంది. మూత తీసి, సున్నం మీద నీళ్ళు తగ్గితే పోసి రావడమే ఈ ఆదివారం పని.