49 యూరోల టికెట్, నాలుగు ఊళ్లు, ఒక రూమ్

2024 వేసవిలో, బీటెక్ మూడో సంవత్సరం అయ్యాక, జర్మనీలోని డార్మ్‌స్టట్‌లో రెండున్నర నెలల ఇంటర్న్‌షిప్ దొరికింది. శని, ఆదివారాలు ల్యాబ్ వైపు రావద్దని ప్రొఫెసర్ గారు మొదటిరోజే చెప్పేశారు. మాస్టర్స్ కోసం అప్పటికే నా దగ్గర ఒక ఎక్సెల్ షీట్ ఉంది: ర్యాంకు, ఫీజు, కోర్సు, ఆఖరి తేదీ. ఊరి గురించి ఒక్క కాలమ్ లేదు. అది నింపుదామని బయల్దేరాను.

అప్పట్లో, అంటే 2024లో, నెలకు 49 యూరోలు పెట్టి డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకుంటే దేశమంతా మన ప్యాసింజర్ బండ్లలాంటి ప్రాంతీయ రైళ్లలో తిరగొచ్చు. సిటీ బస్సు, ట్రామ్, మెట్రో కూడా అందులోనే. స్పీడు రైళ్లు మాత్రం ఎక్కకూడదు. చేతిలో టైమ్ తప్ప డబ్బు లేని నాకు బాగానే కుదిరింది.

మొదట స్టుట్‌గార్ట్ వెళ్లాను, అదీ జూన్ 23న. ఆరోజు అక్కడ యూరో కప్‌లో స్కాట్లాండ్, హంగరీ మ్యాచ్ ఉందని నాకు తెలీదు. స్టేషన్ నిండా గళ్ల కిల్టులు కట్టుకున్న స్కాట్లాండ్ జనం. చవకలో ఎక్కడా బెడ్ దొరక్క రాత్రికి వెనక్కి వచ్చేశాను. ఆ ఊరున్న రాష్ట్రంలో మనలాంటి ఈయూ (యూరోపియన్ యూనియన్) బయటి విద్యార్థులకు 2017 నుంచి సెమిస్టర్‌కు 1,500 యూరోల ఫీజు ఉంది. మెర్సిడెస్, బాష్, పోర్షే ఉన్న ఊరు కాబట్టి ఆటోమొబైల్ వాళ్లు అది కట్టినా నష్టం లేదు. నాది చిప్ డిజైన్, వదిలేశాను.

మ్యూనిక్‌కి శుక్రవారం సెలవు పెట్టి వెళ్లాను. వారాంతంలో క్యాంపస్ చూస్తే ఖాళీ వరండాలు తప్ప ఏమీ కనపడవు. అక్కడి టెక్నికల్ యూనివర్సిటీ టీయూఎమ్ ఇంజినీరింగ్ విభాగాలు చాలావరకు గార్హింగ్‌లో ఉన్నాయి, ఊరి మధ్య నుంచి యూ6 మెట్రోలో అరగంట. అక్కడ మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్ బిల్డింగ్‌లో మూడో అంతస్తు నుంచి కిందికి రెండు పెద్ద జారుడుబల్లలున్నాయి. నేనూ జారాను, రెండుసార్లు. ల్యాబ్‌లు చూస్తే మతిపోయింది. ఆ తర్వాత మెస్‌లో ఒక నెల్లూరు కుర్రాడు కలిశాడు. మంచం, బల్ల పట్టే గదికి నెలకు 780 యూరోలు కడుతున్నాడట. అతను పాత బ్యాచ్ కాబట్టి ఫీజు లేదు. 2024 శీతాకాలం సెమిస్టర్ నుంచి చేరే ఈయూ బయటివాళ్లకు మాస్టర్స్ కోర్సును బట్టి సెమిస్టర్‌కు 4,000 లేదా 6,000 యూరోలు. నాలుగు సెమిస్టర్లకు తక్కువలో తక్కువ 16,000. "జర్మనీలో చదువు ఫ్రీ" అని మా ఊళ్లో కన్సల్టెన్సీ ఆయన చెప్పిన మాట గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ రాత్రి ఎనిమిది మంచాల హాస్టల్ గదిలో 46 యూరోలిచ్చి పడుకున్నాను. దుప్పటికి వేరే చార్జీ.

ఆహెన్‌లో మాత్రం ఖర్చు లేదు. మా కాలేజీ సీనియర్ అన్న రూమ్‌లో కింద పరుపు వేసుకున్నాను. కొలోన్ నుంచి గంట ప్రయాణం. ఊరి మధ్యలో వేడినీటి ఊట, దగ్గరికెళ్తే కుళ్లిన గుడ్ల వాసన. దాటి నాలుగడుగులేస్తే పాతకాలపు చక్రవర్తి షార్లమేన్ సింహాసనమున్న చర్చి. సాయంత్రం సిటీ బస్సెక్కి నెదర్లాండ్స్‌లోని ఫాల్స్ అనే ఊరికి వెళ్లి టీ తాగి వచ్చాం, తెనాలి నుంచి మంగళగిరి పోయి వచ్చినట్టు! అక్కడి టెక్నికల్ యూనివర్సిటీ ఆర్‌డబ్ల్యూటీహెచ్‌లో చదివేవాళ్లే ఊళ్లో సగం మందేమో అనిపిస్తుంది. సోనా మసూరి బియ్యం దొరుకుతుంది, తెలుగువాళ్లూ బోలెడు. అయితే ఇంగ్లిష్‌లో చెప్పే కొన్ని మాస్టర్స్ కోర్సులకు విడిగా పెద్ద ఫీజులున్నాయి. అన్నకైతే మొదటి మూడు నెలలు రూమే దొరకలేదట. ఒకచోట సోఫా మీద, ఇంకోచోట వంటగదిలో పడుకున్నాడు.

"అడ్మిట్ వచ్చిన రోజే హాస్టల్‌కి అప్లై చెయ్‌రా. వీసా వచ్చాక చేద్దామనుకున్నావో, నా గతే పడుతుంది," అన్నాడు. ఎక్సెల్‌లో ఇంకో కాలమ్ పెరిగింది.

ఆఖరున డ్రెస్డెన్. ప్రాంతీయ రైళ్లలో అంత దూరం పోవడం పిచ్చిపని, చెయ్యకండి. పొద్దున ఐదున్నరకు ఎక్కాను. ఐసెనాహ్‌లో తర్వాతి బండి రద్దయింది. ఆ ప్లాట్‌ఫారం మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర మొత్తం తినేశాను. లైప్సిగ్‌లో మళ్లీ మారి, చేరేసరికి సాయంత్రం ఐదు.

నది ఒడ్డున గడ్డి మైదానాలు, అవతల 1945 బాంబుల్లో కూలి 2005లో మళ్లీ తెరిచిన ఫ్రావెన్‌కిర్హ చర్చి. ఆ నల్లబడిన పాత రాళ్లను కొత్తవాటి మధ్యే పేర్చారు, దూరం నుంచి మచ్చల్లా కనపడతాయి. సోమవారం సెలవు పెట్టి అక్కడి టెక్నికల్ యూనివర్సిటీ, టీయూ డ్రెస్డెన్ చూశాను. నానోఎలక్ట్రానిక్ సిస్టమ్స్ మాస్టర్స్ ఇంగ్లిష్‌లోనే ఉంది. ఇన్ఫినియన్, గ్లోబల్‌ఫౌండ్రీస్, బాష్ చిప్ ఫ్యాక్టరీలన్నీ ఆ ఊళ్లోనే. నేను ఇంటికొచ్చేశాక, ఆగస్టు 20న, తైవాన్ చిప్ కంపెనీ టీఎస్‌ఎమ్‌సీ వాళ్ల కొత్త ఫ్యాక్టరీకి శంకుస్థాపన కూడా అయింది. క్యాంపస్‌లో కలిసిన అమ్మాయి తన హాస్టల్ గదికి నెలకు 290 యూరోలు కడుతున్నానంది.

అంతా తీపే కాదు. బేకరీలో, ఫార్మసీలో ఇంగ్లిష్ పనిచెయ్యలేదు, చేత్తో చూపించాల్సి వచ్చింది. సెప్టెంబర్ 1న రాష్ట్ర ఎన్నికలు, దీపస్తంభాలన్నిటికీ పోస్టర్లు. వలసలొద్దనే ఏఎఫ్‌డీ పార్టీ చివరికి రెండో స్థానంలో వచ్చింది. రాత్రి ట్రామ్‌లో ఒకతను నన్ను చూసి ఏదో గొణిగాడు. అర్థం కాకపోవడమే మంచిదైంది. చీకటిపడ్డాక ఎలా ఉంటుందని ఆ అమ్మాయిని అడిగితే, "క్యాంపస్ చుట్టుపక్కల భయం లేదు, ఊరి చివరలకు ఒక్కదాన్నే వెళ్లను," అంది. ఈ మాట షీట్‌లో ఏ కాలమ్‌లో పెట్టాలో నాకు తెలీలేదు.

ఇంటికొచ్చి నాన్నతో లెక్కేశాను. వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే వేసి, అక్కడికెళ్లాక నెలనెలా ఖర్చుకి తీసుకునే ఖాతా) వెయ్యాల్సింది ఆ సెప్టెంబర్ నుంచి 11,904 యూరోలు, అంటే నెలకు 992 చొప్పున ఏడాదికి. మన మార్కుల పత్రాలు అసలైనవేనని చెప్పే ఏపీఎస్ సర్టిఫికెట్‌కి 18,000 రూపాయలు అదనం. నెలకు 992లో మ్యూనిక్ అద్దె పోతే మిగిలేది 212. డ్రెస్డెన్‌లో 700 మిగులుతుంది. నాన్న పెన్ను మూసేశారు.

సెప్టెంబర్ 11 తెల్లవారుజామున డ్రెస్డెన్‌లో నేను ట్రామ్‌లో దాటిన కరోలా వంతెన కొంత భాగం కూలి నదిలో పడింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. మధ్యాహ్నానికి అమ్మ హాస్టల్‌కి ఫోన్ చేసింది.

"ఒరేయ్, వంతెన కూలిందంటున్నారు, నువ్వు పోతానంది ఆ ఊరేనా?"

"ఆ ఊరేనమ్మా."

"ఇంకో వంతెన ఉందా?"

మూడు నాలుగున్నాయని చెప్పాను.