చైనా చామంతి టీ: తెల్లదా, పచ్చదా, హనీసకిలా?

తెలుగులో ‘చామంతి టీ’ అని వెతికి చూడండి. వచ్చేవాటిలో చాలావరకు చామొమైల్ గురించే ఉంటాయి. అది యూరప్‌లో రాత్రి పడుకునే ముందు తాగే చిన్న తెల్లపువ్వు, మన చామంతికి దూరపు చుట్టం. చైనా వైద్యంలో వాడే ‘జ్యూహువా’ మాత్రం అచ్చంగా మన చామంతే. మనం దండ గుచ్చే పువ్వూ వాళ్ళు ఎండబెట్టి తాగే పువ్వూ ఒకే జాతివి, రకాలే వేరు.

సింగపూర్‌లో మా ఇంటి దగ్గర చైనా మందుల షాపుకి మొదటిసారి వెళ్ళినప్పుడు చామంతి అని అడిగితే నాలుగు డబ్బాలు ముందు పెట్టారు. ధరలు చూస్తే ఒకదానికీ ఇంకొకదానికీ పొంతన లేదు. ఏది కొనాలో తెలియక అన్నీ కొంచెం కొంచెం తెచ్చుకున్నాను.

ముందు తెల్లవాటి సంగతి. ఎక్కువగా దొరికేవి రెండు. జెజియాంగ్ రాష్ట్రంలోని తోంగ్‌షియాంగ్‌లో పండేది హాంగ్‌జ్యూ. దాన్ని ఆవిరి పట్టి ఎండబెడతారు కాబట్టి పువ్వులు బిళ్ళల్లా అణిగి, ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. అన్‌హుయ్ రాష్ట్రంలో హువాంగ్‌షాన్ కొండల వైపు పండేది గోంగ్‌జ్యూ. ‘గోంగ్’ అంటే రాజుగారికి పంపే కానుక. దీన్ని సెగ మీద ఆరబెడతారు, పువ్వు గుండ్రంగా, విడివిడిగా నిలుస్తుంది. గాజు గ్లాసులో వేస్తే గోంగ్‌జ్యూ అందం వేరు, చుట్టాలొస్తే అదే పెట్టాలి. రుచికి మాత్రం నా ఓటు హాంగ్‌జ్యూకే. కాస్త తియ్యగా ఉంటుంది, రెండోసారి నీళ్ళు పోసినా చప్పబడదు. ఇంకా విచ్చుకోని మొగ్గల్ని ‘తాయ్‌జ్యూ’ అని ఎక్కువ ధరకి అమ్ముతారు. ఆ తేడా నా నాలుకకి అందలేదు.

చైనా సంప్రదాయంలో ఒక పాత లెక్క ఉంది: తెల్లది కళ్ళకి, పసుపుపచ్చది జలుబూ జ్వరానికి. వాళ్ళ లెక్కలో కళ్ళు కాలేయానికి చెందినవి. కాలేయంలో వేడి పెరిగితే కళ్ళు ఎర్రబడి మండుతాయనీ, తెల్ల చామంతి దాన్ని చల్లారుస్తుందనీ అంటారు. అందుకే గోజి అనే చిన్న ఎర్రటి ఎండు పళ్ళతో కలిపి తాగుతారు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే నాకు సాయంత్రం ఈ టీ హాయిగానే ఉంటుంది. కాకపోతే టీ కోసం లేచి, పది నిమిషాలు స్క్రీన్ వైపు చూడకుండా ఉంటాను కదా, సగం పేరు దానికే ఇవ్వాలి. ఈ పువ్వులో క్లోరోజెనిక్ ఆమ్లం, లుటియోలిన్ లాంటి యాంటీఆక్సిడెంట్లు ఉన్న మాట నిజమే గానీ, కళ్ళజోడు తీసేయొచ్చని ఎవరైనా అంటే నమ్మకండి.

అడవి చామంతి చిన్నగా, పచ్చగా ఉంటుంది. ఇది పై లెక్కలో చెప్పిన పచ్చ చామంతి కాదు, వేరే జాతి. తెల్లదాని పక్కనే పెట్టి అమ్ముతారు, చవక కూడా. చేదు మాత్రం నేలవేముని గుర్తుకు తెస్తుంది. చైనా వైద్యులు దీన్ని సెగగడ్డలకీ, వాచిన గొంతుకీ ఇస్తారు. ఇది మందు, రోజూ తాగే టీ కాదు. నేను ఒక కప్పుతో ఆపేశాను.

అసలు పోటీ హనీసకిల్ అనే తీగ పువ్వుతో. చైనా పేరు ‘జిన్‌యిన్‌హువా’, అంటే బంగారు వెండి పువ్వు. విచ్చినప్పుడు తెల్లగా ఉండి తర్వాత పసుపు రంగుకి మారుతుంది కాబట్టి ఆ పేరు. మందుకి మాత్రం విచ్చకముందే మొగ్గల్ని కోస్తారు. గొంతునొప్పి మొదలవగానే చామంతి తాగాలా, ఇది తాగాలా అన్నదానికి 18వ శతాబ్దం చివర్లో వూ జుతోంగ్ అనే వైద్యుడి దగ్గరే జవాబు ఉంది. దగ్గు ఎక్కువ, జ్వరం తక్కువ అయితే ఆయన మల్బరీ ఆకుతో చామంతి కలిపిన కషాయం ఇచ్చాడు, దాన్ని ‘తేలిక’ మందు అన్నాడు. జ్వరం, గొంతునొప్పి గట్టిగా ఉంటే హనీసకిల్, ఫోర్సిథియా అనే మొక్క కాయలు కలిపిన మందు ఇచ్చాడు, దాన్ని ‘మధ్యస్థం’ అన్నాడు. ఈ రెండు మందులూ నేటికీ షాపుల్లో దొరుకుతాయి. కాబట్టి రోజువారీకి చామంతి, గొంతు పట్టేసినప్పుడు రెండు మూడు రోజులు హనీసకిల్. జ్వరం తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

మోతాదు విషయానికొస్తే చైనా అధికారిక ఔషధ గ్రంథం చామంతికి రోజుకి 5 నుంచి 10 గ్రాములు, హనీసకిల్‌కి 6 నుంచి 15 గ్రాములు చెబుతుంది. టీకి అంత అక్కర్లేదు, గ్లాసుకి ఐదారు పువ్వులు చాలు. రెండూ ‘చలవ’ చేసేవే. కడుపు తేలిగ్గా జారే వాళ్ళకి అక్కడి వైద్యులే వద్దంటారు. వయ్యారిభామ మొక్క తగిలితే దద్దుర్లు వచ్చేవాళ్ళు చామంతితో జాగ్రత్తగా ఉండాలి, రెండూ ఒకే కుటుంబం. గర్భిణులు, రోజూ మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టొద్దు.

కొనేటప్పుడు మరీ తెల్లగా మెరిసేదాన్ని పక్కన పెట్టండి. ముక్కు దగ్గర పెడితే ఘాటుగా, పుల్లగా కొడితే గంధకం పొగ పెట్టారన్నమాట. మంచిది కాస్త మాసిన మీగడ రంగులో ఉంటుంది.

మా అమ్మకి ఇదంతా ఫోన్‌లో చెప్తే, “గుడిమల్కాపూర్ మార్కెట్లో కిలోల లెక్కన దొరుకుతాయి కదరా, ఎండబెట్టనా?” అంది. వద్దన్నాను. అవి దండల కోసం పెంచినవి, మందు కొట్టి పెంచుతారు. దేవుడికైతే పరవాలేదు.