ఉప్పలపాడా, ఆటపాకా? పక్షుల ఫొటోగ్రఫీ ఎక్కడ మొదలుపెడితే మేలు

పెద్ద లెన్స్ చేతికి రాగానే చాలామంది మనసు నల్లమల పులి మీదికి పోతుంది. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. అంత అడవిలో పులి కనబడకపోవడమే మామూలు. గుంటూరు, బెజవాడల్లో ఉండి ఈ పని నేర్చుకునేవారు తేల్చుకోవాల్సింది వేరు: గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు చెరువా, కొల్లేటి అంచున కైకలూరు దగ్గరున్న ఆటపాకా?

మొదటి ఏడాదికి ఉప్పలపాడే మేలు. గుంటూరు నుంచి సుమారు పది కిలోమీటర్లు. తెల్లవారుజామున బండి తీస్తే ఎండ ముదిరేలోపు ఇంటికి చేరొచ్చు, అదీ ప్రతి వారం. చెరువులోని తుమ్మచెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు పక్కపక్కనే గూళ్లు కడతాయి. పుల్లలు మోసుకురావడం నుంచి పిల్లలు రెక్కలు విదిల్చేదాకా ఒకే గూటిని వెంబడించే వీలు ఒక్కసారి వెళ్లొచ్చే చోట దొరకదు.

ఉదయం తూర్పు గట్టున, సాయంత్రం పడమటి గట్టున నిలబడితే వెలుగు మీ వెనక నుంచి వస్తుంది. గాలిని కూడా చూసుకోండి. పక్షి గాలికి ఎదురుగా వాలుతుంది కాబట్టి గాలి మీ వీపుకు తగులుతుంటే అది మీకు ముఖం చూపిస్తూ దిగుతుంది. ఎగిరే పక్షికి షట్టర్ వేగం 1/2000 సెకను, గూట్లో కూర్చున్నదానికి 1/500 చాలు.

ఇక్కడ ఎక్కువగా చెడేది ఎక్స్‌పోజర్, అంటే బొమ్మలో పడే వెలుగు మోతాదు. ముదురు ఆకుల ముందు తెల్లటి పక్షి ఉంటే కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ ఆకుల్ని చూసి వెలుగు పెంచేస్తుంది. రెక్కలు కాలిపోయి ఈకల గీతలు పోతాయి. ఎక్స్‌పోజర్ కంపెన్సేషన్‌ను మైనస్ 2/3 నుంచి మైనస్ 1 దాకా తగ్గించండి. అదే పక్షి తెల్లటి ఆకాశంలోకి లేచిందా, ప్లస్ 1 కావాలి. కొమ్మలు అడ్డొచ్చి ఫోకస్ వాటినే పట్టుకుంటుంటే ఒక్క ఫోకస్ పాయింటే వాడి, దాన్ని పక్షి కంటి మీద పెట్టండి.

ఆటపాకలో గొప్పతనం బోటు. నీటి మట్టానికి దగ్గరగా కూర్చుంటారు కాబట్టి ఈదుతున్న గూడబాతు, దాని నీడ ఒకే చట్రంలోకి వస్తాయి. గట్టు మీద నుంచి ఆ కోణం రాదు. అయితే ట్రైపాడ్ అక్కడ పనికిరాదు. ఇంజిన్ అదురు కాళ్ల గుండా నేరుగా లెన్స్‌కి ఎక్కుతుంది. చేత్తోనే పట్టుకుని, ఇంజిన్ ఆపి బోటును తేలనివ్వమని నడిపేవారిని అడగండి. రెండు కిలోల 150–600 ఎం.ఎం. జూమ్ లెన్స్‌ని అలా పట్టుకోవడానికి ముందే సాధన ఉండాలి. ఎండెక్కాక నీటి మీద వేడిగాలి ఆడి దూరపు బొమ్మలన్నీ మెత్తబడతాయి. లెన్స్ పాడైందనుకుని సర్వీసుకిచ్చేవారున్నారు, తప్పు లెన్స్‌ది కాదు. బెజవాడ నుంచి 70 కిలోమీటర్ల పైమాటే కాబట్టి మొదటి బోటు ఎన్నింటికో కనుక్కున్నాకే బయల్దేరండి.

ఎక్కడికెళ్లినా గూటి మీది పక్షి మెడ నిక్కించి మీవైపే చూస్తుంటే వెనక్కి తగ్గండి. అది లేచిపోతే గుడ్లు ఎండకు మాడతాయి, కాకులు కాచుకునే ఉంటాయి. అభయారణ్యాల్లో ఫొటోలకు అనుమతి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కిందికి వస్తుంది. అటవీశాఖను ముందే అడగండి.

వృత్తిగా చేసుకోవాలనుకునేవారికీ ఉప్పలపాడే ముందు. పత్రికకైనా, పోటీకైనా విడి బొమ్మకన్నా ఒక గూటి పూర్తి కథకే విలువ. తేదీ, చోటు, పక్షి చేస్తున్న పని రాసిపెట్టి, RAW ఫైళ్లను (కెమెరా దాచే మూల ఫైళ్లను) రెండు చోట్ల దాచండి. పోటీల్లో చివరిదాకా వెళ్తే అసలు ఫైలు అడుగుతారు. బొమ్మలు అమ్మి ఇల్లు గడవడం మాత్రం కష్టం, పెళ్లి ఫొటోలు వదలకండి. ధనుర్మాసం, పుష్యమాసాల్లో ముహూర్తాలుండవు. డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి మొదలుదాకా చేతులు ఖాళీ. చెరువు నిండా పక్షులుండేదీ అప్పుడే. ఆటపాక బోటును ఆ రోజుల్లో రెండు మూడు ఉదయాలకు ఉంచుకుని, మిగతావన్నీ ఉప్పలపాడు గట్టుకే ఇవ్వండి.